మతి పదిలంగా ఉండాలంటే నలభైల్లోనే బీపీ చూసుకోండి

డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచన మందగించే జబ్బు) అనగానే డెబ్బై దాటినవాళ్ల సంగతి అనుకుంటాం. కానీ నడివయసులో పట్టించుకోని బీపీ మెదడులోని సన్నటి రక్తనాళాల గోడల్ని ఏళ్ల తరబడి మందంగా, బిరుసుగా మార్చేస్తుంది. రక్తం సరిగా అందక లోపలి నరాల తీగలు దెబ్బతింటాయి. చాలామందికి తలనొప్పి కూడా రాదు కాబట్టి తెలియదు.

అందుకే ఇంట్లో చూసుకోవాలి, అదీ సరిగ్గా. చూసుకునే ముందు అరగంట కాఫీ, టీ, సిగరెట్ వద్దు. మూత్రానికి వెళ్లొచ్చి, కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనించి 5 నిమిషాలు ఊరికే కూర్చోండి. చొక్కా చెయ్యి మీద కాదు, ఒట్టి చేతిమీదే బీపీ మిషన్ పట్టీ చుట్టి, చేతిని గుండె ఎత్తులో బల్లమీద పెట్టండి. లావు చేతికి చిన్న పట్టీ వాడితే అంకె ఎక్కువ చూపిస్తుంది. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. మాట్లాడుతూ చూసుకున్నా అంతే.

ఉదయం మాత్ర వేసుకోకముందు రెండుసార్లు, రాత్రి రెండుసార్లు, నిమిషం తేడాతో, 7 రోజులు రాయండి. మొదటి రోజువి వదిలేసి సగటు తీయండి. 135/85 లేదా పైన ఉంటే ఆ కాగితంతో డాక్టరు దగ్గరికి వెళ్లండి.

2019లో వెలువడిన స్ప్రింట్ మైండ్ అనే పరిశోధన ఫలితాల్లో, పై అంకెను (135/85లో 135 లాంటిది) 120 లోపు ఉంచిన వాళ్లలో తేలికపాటి జ్ఞాపకశక్తి లోపం, 140 లోపు ఉంచిన వాళ్లకంటే సుమారు 19 శాతం తక్కువ. అలాగని మాత్ర సొంతంగా పెంచకండి. పెద్దవాళ్లకు లేచి నిలబడ్డాక 1, 3 నిమిషాలకు మళ్లీ చూడండి. కూర్చున్నప్పటికంటే పై అంకె 20 లేదా అంతకంటే ఎక్కువ తగ్గితే డాక్టరుకు చెప్పాల్సిందే.