వైద్యరంగంలో కొలువు కోసం చేతిరాతను ఎలా సరిదిద్దుకోవాలి?

తెలంగాణలో ప్రభుత్వ స్టాఫ్ నర్సు పోస్టుల పరీక్షను 2023లో కంప్యూటర్ మీదే పెట్టారు కదా, ఇక చేతిరాతతో పనేముందని నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో నర్సింగ్, ఫార్మసీ, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులు చదివిన పిల్లలు అడుగుతుంటారు. ప్రైవేటు ఆసుపత్రికి వెళ్తే మాత్రం చాలాచోట్ల ముందుగా ఒక దరఖాస్తు ఫారం చేతికిచ్చి అక్కడే కూర్చుని నింపమంటారు. మీరు రేపు రోగి వివరాలుండే కేస్ షీటు ఎలా రాస్తారో, మీరు నోరు తెరవకముందే ఆ కాగితం చెప్పేస్తుంది.

నేను వార్డు ఇన్‌చార్జిగా ఇంటర్వ్యూలలో కూర్చున్న రోజుల్లో, జీఎన్‌ఎం అనే నర్సింగ్ డిప్లొమా చదివిన ఒక అమ్మాయికి కొన్ని వివరాలు చెప్పి శరీర ఉష్ణోగ్రత, నాడి, శ్వాస రాసే టీపీఆర్ చార్టు నింపమన్నాం. అడిగినవాటికన్నింటికీ చక్కగా జవాబు చెప్పిన ఆ అమ్మాయి నాడి 110 అని రాస్తే, పక్కనున్న డాక్టరు గారు దాన్ని 170 అని చదివారు. ఆమెను తీసుకోలేదు. ఆమెకు పని వచ్చునని మాకు తెలుసు; అర్ధరాత్రి డ్యూటీలో ఆ అంకెను చూసి మందు వేసేవారికి ఆ సంగతి తెలియదు. ఆ అమ్మాయి ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది.

మొదట మీ రాతను ఇతరులతో చదివించండి. పది మందుల పేర్లను, మోతాదులతో సహా, డ్యూటీలో రాసేంత వేగంగా రాసి, తెలిసిన మెడికల్ షాపులో ఇచ్చి పైకి చదవమనండి. వాళ్లు తడుముకున్న ప్రతిచోటా గుర్తు పెట్టుకోండి.

తర్వాత అంకెలను పట్టించుకోండి, ఎందుకంటే అక్షరం తప్పితే ఊహించుకోవచ్చు గానీ అంకెను ఊహించలేం. 1కి 7కి, 4కి 9కి, 0కి 6కి తేడా దూరం నుంచి చూసినా తెలియాలి. 5 మిల్లీగ్రాములను 5.0 అని రాస్తే, చుక్క కనబడనప్పుడు అది 50 అవుతుంది, అర మిల్లీగ్రామును .5 అని రాస్తే 5 అవుతుంది కనుక 0.5 అనే రాయాలి. ఇన్సులిన్ దగ్గర యూనిట్ అనే మాటకు బదులు ‘యు’ అనే ఇంగ్లిషు అక్షరం ఒక్కటే వేస్తే అది సున్నాలా కనబడి 4 కాస్తా 40 అవుతుంది. మైక్రోగ్రామును µg అనే గుర్తుతో రాస్తే, దాన్ని మిల్లీగ్రాము అనుకున్నప్పుడు మోతాదు వెయ్యి రెట్లవుతుంది. ఈ రెండు మాటలనూ పూర్తిగా రాయడం అలవాటు చేసుకోండి.

అక్షరాల కోసం చిన్నప్పటి నాలుగు గీతల కాపీ పుస్తకమే చాలు. రోజూ ఇరవై నిమిషాలు నిదానంగా రాయండి. మందుల పేర్లను మాత్రం క్యాపిటల్ అక్షరాల్లోనే సాధన చేయండి. డాక్టర్లతో మందుల చీటీలు అలాగే రాయించాలని నల్గొండకు చెందిన ఒక ఫార్మసిస్టు హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. 2016లో భారత వైద్య మండలి కూడా జెనరిక్ పేర్లను, అంటే కంపెనీ పెట్టిన పేరు కాకుండా మందు అసలు పేరును, స్పష్టంగా, వీలైతే క్యాపిటల్ అక్షరాల్లో రాయాలని డాక్టర్ల నిబంధనలను సవరించింది.

తప్పు రాస్తే దాని మీదే దిద్దకండి, వైట్‌నర్ పూయకండి. కేస్ షీటులో అయితే పాత మాట కనబడేలా ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, సంతకం, తేదీ, సమయం వేయాలి. దరఖాస్తులో అయితే మరో ఫారం అడగండి, మొహమాటపడకండి.

ఇంటర్వ్యూకు రెండు బాల్ పెన్నులు తీసుకెళ్లండి. ఆరకముందే చెయ్యి తగిలితే జెల్ పెన్ను సిరా అలుక్కుపోతుంది. ఫారం ఇచ్చేముందు ఫోన్ నంబరులోని పది అంకెలనూ ఒక్కొక్కటిగా సరిచూసుకోండి, ఎంపికైన కబురు వచ్చేది ఆ నంబరుకే.