ఎంఎస్ మందుల్ని పోల్చేటప్పుడు ముందు ఇది చూడండి

మా అక్కకి రిలాప్సింగ్ ఎంఎస్ (మల్టిపుల్ స్క్లెరోసిస్, అంటే మెదడు, వెన్నుపాము నరాల జబ్బు; అందులో లక్షణాలు అటాక్‌లుగా వచ్చి తగ్గే రకం) అని తేలిన వారం నేనొక నోట్‌బుక్ ముందేసుకుని, మందు పేరు ఒక పక్క, అటాక్‌లు ఎంత శాతం తగ్గాయో ఇంకో పక్క రాసుకుంటూ పోయాను. డైమిథైల్ ఫ్యూమరేట్ 53, ఓక్రెలిజుమాబ్ 46. ఇంకేముంది, ఇంట్లో మింగే క్యాప్సూలే నయం, సెలైన్ ఎక్కించుకోవడం ఎందుకు అనుకున్నాను. ఆ లెక్కే తప్పు.

ఆ 53 ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లతో పోల్చి చెప్పింది. 46 ఏమో ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లు వాడుతున్నవాళ్లతో పోల్చి చెప్పింది, అంటే అప్పటికే పనిచేసే మందు మీద ఇంకా తగ్గినదన్నమాట. అందుకే ఏ శాతం కనబడ్డా పక్కన మూడో గడి గీసి "దేనితో పోల్చారు" అని రాయండి. ఆ తర్వాత అసలు అంకె: ఓక్రెలిజుమాబ్ ట్రయల్స్‌లో ఏడాదికి సగటు అటాక్‌లు 0.29 బదులు 0.16, అంటే వందమందికి ఏడాదిలో 29 రావాల్సిన చోట 16. ఫ్యూమరేట్‌కి 0.36 బదులు 0.17. అలాగని 0.16, 0.17 ఒకటేగా అనుకోకండి, రెండు ట్రయల్స్‌లో చేరిన మనుషులు వేరు. రెండు మందుల్ని ఒకే ట్రయల్‌లో ఎదురెదురుగా పెడితేనే నాకు నమ్మకం. ఓఫాటుముమాబ్‌ని టెరిఫ్లునోమైడ్‌తో అలాగే పోల్చారు, ఒక ట్రయల్‌లో ఓఫాటుముమాబ్‌కి 0.11, టెరిఫ్లునోమైడ్‌కి 0.22 వచ్చింది.

ఇక మన పరిస్థితి. పిల్లలు కావాలనుకుంటే టెరిఫ్లునోమైడ్ వద్దు, కడుపులో బిడ్డకి హాని చేయొచ్చు, ఆపేశాక కూడా ఒంట్లో నెలల తరబడి ఉంటుంది. ఫింగోలిమోడ్ మొదటి డోసుకి ఆరు గంటలు గుండె వేగం చూస్తారు, డాక్టర్ని అడక్కుండా మధ్యలో ఆపితే పెద్ద అటాక్ రావచ్చు. నటాలిజుమాబ్‌కి ముందు జేసీ వైరస్ (ఈ మందు వాడేటప్పుడు మెదడుకి ప్రమాదకరమైన ఇన్ఫెక్షన్ తేగల వైరస్) యాంటీబాడీ టెస్ట్ అడగండి. ఓక్రెలిజుమాబ్‌కైనా, ఖర్చు తక్కువని మన దేశంలో చాలామంది న్యూరాలజిస్టులు ఇచ్చే రిటుక్సిమాబ్‌కైనా హెపటైటిస్-బి టెస్ట్ తప్పదు.

అక్క చివరికి డాక్టర్‌తో మాట్లాడి ఫ్యూమరేటే మొదలుపెట్టింది. మొదటి వారం క్యాప్సూల్ వేసుకున్న కాసేపటికి మొహం, మెడ ఎర్రగా కందిపోయి చెవులు వేడెక్కేవి, అమ్మకి ఒకటే టెన్షన్. ఖాళీ కడుపున కాకుండా కడుపునిండా ఇడ్లీ తిన్నాక వేసుకుంటే చాలా తగ్గింది. లింఫోసైట్ (ఒక రకం తెల్లరక్తకణాలు) కౌంట్ కోసం రక్తపరీక్ష తేదీలు మాత్రం ఫ్రిజ్ మీద అంటించాం, అది మీరూ చేయండి.