ఇంటిపని వేళ బిడ్డతో వచ్చే ఇబ్బందులు: కారణాలు, పరిష్కారాలు

నాలుగైదు నెలల నుంచి ఏడాదిన్నర దాకా వయసున్న బిడ్డ ఇంట్లో ఉండి, వంటా గిన్నెలూ బట్టలూ అన్నీ ఒక్కరి మీదే పడితే ఆ రోజు ఎలా గడుస్తుందో చేసేవాళ్లకే తెలుసు. చంకనేసుకుంటే పని సాగదు, దించితే ఏడుపు ఆగదు. ఇలాంటప్పుడు అందరూ చెప్పే సలహా ఇంకో బొమ్మ కొనమని. బొమ్మతో తీరే ఇబ్బందులు ఇందులో చాలా తక్కువ. బిడ్డ ఎక్కడుంది, ఆ సమయానికి మనం ఏ పని పెట్టుకున్నాం, ఈ రెండూ సరిచేసుకుంటే చాలా గొడవ తగ్గుతుంది. ఏ ఇబ్బందికి ఏది కారణమో ఒక్కొక్కటిగా చూద్దాం.

కింద దించగానే ఏడుస్తోంది

ముందు మామూలు కారణాలు చూసుకోండి: ఆకలి, తడి, నిద్ర. ఆరేడు నెలల బిడ్డ ఒకసారి నిద్రలేచాక సాధారణంగా రెండు, మూడు గంటలకు మించి హాయిగా మేలుకుని ఉండలేదు. కళ్లు నులుముకుంటూ, చెవులు లాక్కుంటూ ఉంటే ఇక ఆడించి లాభం లేదు, పడుకోబెట్టాల్సిందే.

ఇవేవీ కాకపోతే, మీరు కనబడకపోవడమే కారణం. ఎనిమిది నెలలు వచ్చేసరికి పిల్లలకు ఒక కొత్త సంగతి తెలుస్తుంది. కంటికి కనిపించని మనిషి కూడా ఎక్కడో ఉంటుందని. అమ్మ వెళ్లిందని అర్థమవుతుంది, మళ్లీ వస్తుందన్న నమ్మకం మాత్రం ఇంకా కుదరదు. అందుకే అప్పటిదాకా ఎవరు పిలిచినా వెళ్లిన బిడ్డ ఉన్నట్టుండి మిమ్మల్నే పట్టుకు వేలాడుతుంది. ఏడాదిన్నర దాకా ఇది పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. 'ఎత్తుకుని అలవాటు చేశావు' అని పెద్దవాళ్లు అంటుంటారు. అది అలవాటు కాదు, ఎదుగుదల. ఇందులో తల్లి తప్పేమీ లేదు.

పని మొదలుపెట్టే ముందు ఓ పది నిమిషాలు ఫోన్ పక్కన పెట్టి బిడ్డతోనే కూర్చోండి. ఆ తర్వాత మీ ముఖం కనిపించే చోట కూర్చోబెట్టి పనిలోకి వెళ్లండి. చేతులు ఖాళీ లేకపోయినా నోరు ఖాళీయే కదా, 'ఇదిగో అమ్మ గిన్నె తోముతోంది, ఇప్పుడు చెంబు కడుగుతోంది' అని మాట్లాడుతూ ఉండండి. గది దాటాల్సి వస్తే చెప్పి వెళ్లండి. చూడకుండా జారుకుంటే అప్పటికి గొడవ ఉండదు గానీ, మర్నాటి నుంచి బిడ్డ మీ మీద కన్ను తీయదు. తలుపు చాటు నుంచి దోబూచులాడటం దీనికి మంచి మందు. పోయిన ముఖం మళ్లీ వస్తుందని ఆ ఆటలోనే నేర్చుకుంటుంది.

ఇంకా కూర్చోలేని బిడ్డయితే, మెలకువగా ఉన్నప్పుడు నేల మీద పరిచిన బొంత మీద బోర్లా పడుకోబెట్టండి. రోజు మొత్తం మీద కొంచెం కొంచెంగా కలిపి కనీసం 30 నిమిషాలు ఇలా ఉంచమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆ సమయంలో ఎదురుగా కూర్చుని చేసే పనే పెట్టుకోండి, బట్టలు మడతపెట్టడం లాంటిది. నిద్రపోతే మాత్రం వెల్లకిలా తిప్పాలి.

ఏ పనీ పూర్తి కావడం లేదు, అన్నీ మధ్యలోనే ఆగిపోతున్నాయి

చాలా ఇళ్లలో పనుల వరుస తలకిందులుగా ఉంటుంది. బిడ్డ నిద్రపోగానే 'హమ్మయ్య' అనుకుని బట్టలు మడతపెడతాం, అలమర సర్దుతాం. బిడ్డ లేచాక పోపు పెడతాం, గంజి వారుస్తాం. నిద్ర సమయం ఖరీదైనది. దాన్ని ప్రమాదం ఉన్న పనులకే వాడుకోవాలి.

మంటతో, మరిగే నీళ్లతో, కత్తిపీటతో, యాసిడ్‌తో చేసే పనులన్నీ బిడ్డ నిద్రలో ఉన్నప్పుడో, ఇంకొకరి చేతిలో ఉన్నప్పుడో చేయండి. ఊడవడం, బట్టలు మడతపెట్టడం, ఆరేసినవి తీయడం, ఆకుకూర ఒలవడం, పక్కలు సర్దడం బిడ్డ మెలకువగా ఉండగానే చేసుకోవచ్చు. పైగా ఇవి బిడ్డకు ఆటలే. మడతపెట్టిన తువ్వాలును లాగి పడేయనివ్వండి, మళ్లీ మడతపెట్టండి. పని రెట్టింపు సేపు పడుతుంది, కానీ ఏడుపు లేకుండా అవుతుంది.

మెడ నిలిచిన బిడ్డను బేబీ క్యారియర్‌లో కట్టుకుని ఊడ్చుకోవచ్చు. పొయ్యి దగ్గరికి మాత్రం అలా వెళ్లకూడదు. ఒకేసారి గంటకు మించి కట్టి ఉంచకండి.

పాకుకుంటూ వంటింట్లోకి వచ్చి కాళ్లకు అడ్డం పడుతోంది

కారణం మళ్లీ మీరే. మీరున్న చోటే బిడ్డకు ఇష్టం. తలుపు మూసేస్తే ఏడుస్తుంది, తీసి ఉంచితే కాలి కిందకొస్తుంది. అందుకని తలుపుకు బదులు, అవతల మనిషి కనిపించే అడ్డు కావాలి. వంటింటి గుమ్మానికి సేఫ్టీ గేటు బిగించుకుంటే చాలా మేలు. కొనలేకపోతే గుమ్మానికి అడ్డంగా చెక్క పలక గట్టిగా బిగించండి. బిడ్డ పట్టుకుని నిలబడితే ఛాతీ దాటి రావాలి, తోస్తే కదలకూడదు. అది లేకుండా వంటింట్లోనే ఉంచుకోవాల్సి వస్తే, పొయ్యికి దూరంగా మూల స్థలం చూసి ప్లేపెన్ (బిడ్డ లోపల ఆడుకునేలా నాలుగు వైపులా అడ్డు ఉండే కంచె) వేయండి.

బిడ్డను చంకలో పెట్టుకుని కూర కలపడం మాత్రం ఎంత తొందరున్నా వద్దు. చెయ్యి చాచడానికి క్షణం చాలు. గంజి వార్చేటప్పుడు, కుక్కర్ దించేటప్పుడు మరీ జాగ్రత్త. దించిన కుక్కర్, సాంబారు గిన్నె నేల మీద పెట్టే అలవాటు మన ఇళ్లలో ఎక్కువ. బిడ్డ పాకడం మొదలుపెట్టిన రోజు నుంచి ఆ అలవాటు పోవాలి. మూకుడు కాడలు గోడ వైపు తిప్పి ఉంచండి. ఎలక్ట్రిక్ కెటిల్ తీగ గట్టు మీంచి వేలాడకూడదు. వేడి టీ కప్పు చేతిలో ఉండగా బిడ్డను ఒళ్లో పెట్టుకోవద్దు.

ఒకవేళ కాలితే, వెంటనే కుళాయి నీళ్ల ధార కింద 20 నిమిషాలు పెట్టండి. అంటుకోని బట్ట ఉంటే తీసేయండి. టూత్‌పేస్ట్, పసుపు, ఐసు ఏవీ పెట్టొద్దు. చిన్న పిల్లలకు కాలినచోటు ఎంత చిన్నదైనా డాక్టరుకు చూపించాలి.

ఇంటినిండా బొమ్మలు, ఒక్కదాంతోనూ రెండు నిమిషాలు ఆడదు

అన్నీ ఒకేసారి కళ్లముందుంటే ఏదీ కొత్తగా ఉండదు. బొమ్మలన్నీ మూడు సంచుల్లో వేసి రెండు దాచేయండి. మూడు నాలుగు రోజులకోసారి సంచి మార్చండి. పాత గిలక్కాయే కొత్తదై వస్తుంది. ఈ వయసులో ఒక వస్తువుతో రెండు మూడు నిమిషాలు ఆడటం మామూలే, అరగంట కూర్చోవాలని ఆశించకండి.

వంటింటి సామాను కన్నా మంచి బొమ్మలు లేవని నా నమ్మకం. స్టీలు గిన్నెలు ఒకదాంట్లో ఒకటి పట్టేవి, చెక్క గరిటె, మూత ఊడని ప్లాస్టిక్ డబ్బా. కింది అర ఒకటి పూర్తిగా బిడ్డకే ఇచ్చేసి అందులో ఇవి పెట్టండి. పదునైన అంచులు, పలచటి రేకు మూతలు, పగిలేవి అందులో ఉండకూడదు. పిల్లలకు బయటికి తీయడం, లోపల వేయడం అంటే ఎంత ఇష్టమో చూడాలి. బుట్టలో పది జేబురుమాళ్లు వేసిస్తే ఒక కట్ట ఆకుకూర ఒలిచేంత సమయం దొరుకుతుంది.

కొనాలనుకుంటే ఏటికొప్పాక లక్క బొమ్మలు చూడండి. అంకుడు కర్రతో చేసి సహజ రంగులు పూస్తారు, 2017లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా వచ్చింది. నునుపుగా, మొనలు లేకుండా ఉంటాయి. చిన్న ముక్కలు విడిపోయేవి కాకుండా ఒకే ముక్కగా ఉండే గిలక్కాయ ఎంచుకోండి.

ఫోన్ పెడితేనే ఊరుకుంటోంది

పాట, రంగు, కదలిక ఆగకుండా వస్తుంటే బిడ్డ కళ్లు అప్పగించి చూస్తుంది. ఆ తర్వాత గిన్నెలూ గరిటెలూ చప్పగా అనిపిస్తాయి, ఫోన్ తీస్తే ఏడుపు ఇంకా ఎక్కువవుతుంది. ఏడాదిలోపు పిల్లలకు స్క్రీన్ అసలు వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. భారత పిల్లల వైద్యుల సంఘం రెండేళ్ల దాకా వద్దంటుంది. అమెరికాలోనో పక్క ఊళ్లోనో ఉన్న అమ్మమ్మా తాతయ్యలతో వీడియో కాల్ మాట్లాడించడం వేరు, అక్కడ ఎదుటి మనిషి బిడ్డకు బదులిస్తారు.

మాన్పించాలంటే వీడియో కనిపించకుండా పాట మాత్రం వినిపించండి. ఫోన్ ఎత్తైన చోట పెట్టాలి. రెండు మూడు రోజులు గట్టిగా ఏడుస్తుంది. ఆ రోజుల్లో వంట తగ్గించి పప్పు, చారుతో సరిపెట్టుకోండి.

నేల మీద దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటోంది

ఇది ఆపగలిగేది కాదు, ఆపాల్సిందీ కాదు. నోటితో తెలుసుకునే వయసు అది. మార్చాల్సింది నేలనే. రోజూ ఉదయం ఒకసారి మీరే బిడ్డ ఎత్తుకు వంగి, మంచాల కిందా సోఫాల కిందా చూడండి. రూపాయి బిళ్ల, పిన్నీసు, రబ్బరుబ్యాండు, మాత్ర, బొట్టుబిళ్ల, శనగగింజ కనబడతాయి. సుమారు 3 సెంటీమీటర్ల కన్నా సన్నగా ఉన్న వస్తువు ఏదైనా గొంతులో అడ్డుపడగలదు. రిమోట్లు, మ్యూజికల్ బొమ్మల్లోని బటన్ బ్యాటరీ అన్నిటికన్నా ప్రమాదం. మింగితే రెండు గంటల్లోనే ఆహారనాళాన్ని కాల్చేయగలదు, అనుమానం వచ్చినా ఆసుపత్రికి పరుగెత్తాలి. దిష్టి కోసం మెడలో కట్టిన నల్లదారం, పూసలు తీసి పక్కన పెట్టేయండి. దారం దేనికైనా తగులుకుంటే ఊపిరి ఆగిపోతుంది.

కర్పూరం, కలరా ఉండలు, దోమల మందు రీఫిల్, ఫినాయిల్ అన్నీ తాళం పడే అరలోకి వెళ్లాలి. కూల్‌డ్రింక్ సీసాల్లో యాసిడ్, కిరోసిన్ పోసి పెట్టడం ఈ రోజే మానేయండి. ఏదైనా తాగిందనిపిస్తే వాంతి చేయించకుండా, ఆ సీసాతో సహా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

గొంతులో అడ్డుపడి బిడ్డ గట్టిగా దగ్గుతుంటే దగ్గనివ్వండి. శబ్దం రాక, ఊపిరాడక నీలమవుతుంటే 108కి ఫోన్ చేయమని ఇంకొకరికి చెప్పండి. ఏడాదిలోపు బిడ్డయితే తల కిందికి ఉండేలా ముంజేతి మీద బోర్లా వేసుకుని, వీపు మీద రెండు భుజాల ఎముకల మధ్య అరచేతి మడమతో ఐదు దెబ్బలు వేయాలి. తర్వాత వెల్లకిలా తిప్పి రొమ్ము మధ్యలో ఐదుసార్లు నొక్కాలి. అడ్డుపడింది వచ్చేదాకా ఇలా మారుస్తూ చేయాలి. బిడ్డ స్పృహ తప్పితే సీపీఆర్ (ఛాతీ నొక్కుతూ, నోటితో ఊపిరి అందించడం) మొదలుపెట్టాలి. కనిపించని దానికోసం నోట్లో వేలు పెట్టి వెతకొద్దు, ఇంకా లోపలికి పోతుంది.

బట్టలు ఉతుకుతుంటే బకెట్ దగ్గరికే వస్తోంది

నీళ్లంటే పిల్లలకు ప్రాణం. బకెట్ అంచు పట్టుకుని తొంగిచూసే బిడ్డ తల బరువుకు ముందుకు పడితే తిరిగి లేవలేదు. నాలుగైదు సెంటీమీటర్ల నీళ్లు చాలు, అరుపు కూడా వినబడదు. వాడిన వెంటనే బకెట్లు బోర్లించండి. నీళ్లు పట్టుకునే డ్రమ్ముకు బరువైన మూత, బాత్రూమ్ తలుపుకు బిడ్డకు అందనంత ఎత్తులో గొళ్లెం ఉండాలి. కాలింగ్ బెల్ మోగితే బిడ్డను వెంట తీసుకునే వెళ్లండి.

మంచం మీద, ఉయ్యాల్లో, వాకర్లో వేసి వస్తే ప్రమాదాలు

బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు పంచడం మన ముచ్చట. బొబ్బట్లు పంచిన రోజు నుంచే మంచం మీద ఒంటరిగా వదిలేయడం మానాలి. దిండ్లు అడ్డం పెడితే పడకుండా ఆపవు, పైగా ముఖానికి అడ్డుపడతాయి. పక్క నేల మీదికి దించేయడమే పరిష్కారం. పడిన తర్వాత వాంతులు, మత్తు, స్పృహ తప్పడం ఏదున్నా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

చీర ఉయ్యాల్లో బిడ్డను ఉంచాల్సింది మీరు చూస్తున్నంతసేపే. పక్కకు తిరగడం వచ్చిన బిడ్డకు ఆ గుడ్డలో మెడ మెలిపడే ప్రమాదం ఉంది. నిద్రపట్టగానే చదునైన పక్క మీదికి మార్చండి.

వాకర్ గురించి నా మాట గట్టిగానే చెబుతాను: కొనకండి, ఎవరైనా ఇచ్చినా వద్దనండి. దాంతో నడక తొందరగా రాదు. చక్రాల మీద బిడ్డ క్షణంలో మెట్ల దాకా, పొయ్యి దాకా వెళ్లిపోతుంది. కెనడా 2004లోనే వీటి అమ్మకాన్ని నిషేధించింది.

సాయంత్రమైతే ఏం చేసినా ఊరుకోదు

పగటి అలసట అంతా ఆ వేళకే బిడ్డ మీద పడుతుంది, మీ మీద కూడా. అందుకే రాత్రి వంటకు కూరలు ఉదయమే తరిగి పెట్టుకోండి, చపాతీ పిండి మధ్యాహ్నమే కలుపుకోండి. సాయంత్రం ఒక గంట బిడ్డ బాధ్యత పూర్తిగా నాన్నది, లేదా ఇంట్లో ఇంకొకరిది కావాలి. 'అడిగితే పట్టుకుంటాను' కాదు, రోజూ ఫలానా వేళ అని ఉండాలి. పిల్లను బయటికి తిప్పుకొస్తే ఇంకా మంచిది, ఆ గంటలో పొయ్యి పని అయిపోతుంది.

ఏడుపు విని విని మీకే కోపం కట్టలు తెంచుకునేలా ఉంటే, పొయ్యి ఆపేసి, బిడ్డను ప్లేపెన్‌లోనో ఖాళీ నేల మీదో వెల్లకిలా పడుకోబెట్టి, ఐదు నిమిషాలు పక్క గదిలోకి వెళ్లండి. ఏడ్చినా ఫరవాలేదు. ఎంత కోపంలోనూ బిడ్డను పట్టుకుని ఊపకూడదు, మెదడుకు దెబ్బ తగులుతుంది. రెండు వారాలకు పైగా దిగులు, నిద్రలేమి, ఏ పని మీదా మనసు లేకపోవడం ఉంటే డాక్టరుతో చెప్పండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బులేమీ కట్టక్కర్లేదు.