దారి మార్చాల్సి వస్తే: యాట్ (తెరచాప పడవ) ఎక్కేముందే తేల్చుకోవాల్సినవి

నడిసముద్రంలో "వెనక్కి తిరుగుదామా?" అన్న మాట ఎవరి నోటైనా వచ్చేసరికి తరచూ ఆలస్యమైపోయి ఉంటుంది. అప్పటికే ఇద్దరికి వాంతులు, చుక్కాని పట్టుకున్న మనిషికి నిద్ర లేదు, అందరి బట్టలూ తడిసి చలి. ఆ స్థితిలో బుర్ర సరిగా పనిచేయదు. అందుకే రేవు వదలకముందే, స్థిమితంగా కూర్చుని హద్దులు రాసుకోండి. గాలి వేగం ఎన్ని నాట్లు (ఒక నాట్ అంటే గంటకు సుమారు 1.85 కిలోమీటర్లు) దాటితే తిరగాలి, ఎన్నింటికల్లా ఎక్కడిదాకా చేరకపోతే ప్రయాణం ఆపాలి, అప్పుడు ఏ హార్బర్‌కి వెళ్లాలి. పడవ సైజు, మనుషుల అనుభవం చూసుకుని అంకెలు వేసి, అందరికీ చదివి వినిపించండి. అవతల ఎదురుచూసే వాళ్లకి కూడా "ఒకట్రెండు రోజులు అటూ ఇటూ కావచ్చు" అని ముందే చెప్పేస్తే సగం టెన్షన్ పోతుంది. ఎలాగైనా టైముకి చేరాలన్న పట్టుదలతోనే చాలామంది తుఫాను గాలిలోకి వెళ్తారు.

వాతావరణ సూచనలో చెప్పే గాలి వేగం సగటు మాత్రమే. మధ్యలో వచ్చే విసురు అంతకు 40 శాతం దాకా ఎక్కువ ఉండొచ్చు. అలల ఎత్తు కూడా అంతే: 2 మీటర్లు అన్నారంటే అది పెద్ద అలల సగటు, అప్పుడప్పుడు దాదాపు రెట్టింపుది ఒకటి వచ్చి కొడుతుంది. గాలి వేగం రెట్టింపైతే తెరచాప మీద ఒత్తిడి నాలుగింతలవుతుంది. తెరచాప కుదించాలేమో అన్న ఆలోచన రాగానే కుదించేయండి. బారోమీటర్ (గాలి పీడనం కొలిచే సాధనం) రీడింగ్ గంటకోసారి రాయండి. 3 గంటల్లో 6 హెక్టోపాస్కల్స్‌కి మించి పడితే, ఆకాశం ఎంత తేటగా ఉన్నా నమ్మొద్దు.

గాలి వెనకనుంచి తోస్తున్నప్పుడు ఇంకో మోసం ఉంది. 25 నాట్ల గాలిలో పడవ 7 నాట్లతో ముందుకు పోతుంటే ఒంటికి తగిలేది 18 మాత్రమే. హాయిగానే ఉందనిపిస్తుంది. గాలికి ఎదురు తిరిగాక గానీ అసలు సంగతి తెలియదు. కాబట్టి మీరు రాసుకున్న హద్దును ఒంటికి తగిలే గాలితో కాదు, అసలు గాలి వేగంతో పోల్చండి.

ఎటు తిరగాలి? దగ్గర్లో ఉన్న రేవుకే అని మనసు లాగుతుంది. కానీ గాలి తీరం వైపే తోస్తుంటే ఆ రేవే ప్రమాదం, ఇంజన్ ఒక్కసారి ఆగితే పడవ నేరుగా ఒడ్డుకి కొట్టుకుపోతుంది. నది సముద్రంలో కలిసేచోట ఇసుక మేట ఉంటే, ఆటుపోట్లలో నీరు వెనక్కి తీసే వేళ ఎదురుగాలికి అలలు అక్కడే నిలువునా లేచి విరుగుతాయి. అలాంటప్పుడు లోతు నీళ్లలోకి, తీరానికి దూరంగా వెళ్లి గాలి తగ్గేదాకా కాచుకోవడమే మేలు. ఎంత నలిగిపోయినా సరే.

కొత్త దారి గీయగానే దాన్ని చార్టులో దగ్గరగా జూమ్ చేసి, మొదటినుంచి చివరిదాకా వేలితో వెతకండి. 2014 నవంబరులో ప్రపంచాన్ని చుట్టివచ్చే యాట్ పందెం వోల్వో ఓషన్ రేసులో తుఫాను కారణంగా మార్గం హద్దులు మారాయి. టీమ్ వెస్టాస్ విండ్ యాట్ కొత్త దారిలో పోతూ రాత్రివేళ హిందూ మహాసముద్రంలోని కార్గాడోస్ కరాజోస్ పగడపు దిబ్బల మీదికి ఎక్కేసింది. ఎలక్ట్రానిక్ చార్టును తగినంత జూమ్ చేసి చూడకపోవడంతో వాళ్లకి ఆ దిబ్బలు కనబడలేదు. తొమ్మిదిమందీ బతికి బయటపడ్డారు. ఆరితేరిన వాళ్లకే అలా జరిగిందంటే మన సంగతి చెప్పేదేముంది!

తిప్పేముందు లైఫ్ జాకెట్లు, పడవకి తగిలించుకునే తాళ్లు వేసుకోండి. హ్యాచ్‌లు (డెక్ మీది మూతలు) మూసి, కింద గదిలో వదులుగా ఉన్నవన్నీ కట్టేయండి. వాంతులు రాకుండా వేసుకునే మాత్ర కడుపులో తిప్పకముందే వేసుకోవాలి, తర్వాత అది నిలవదు. ఇంజన్ స్టార్ట్ చేసేముందు నీళ్లలో తాడేమైనా వేలాడుతోందేమో చూడండి, ప్రొపెల్లర్‌కి చుట్టుకుంటే అంతే. ట్యాంకు అడుగున ఉన్న మడ్డి కుదుపులకి లేచి ఫిల్టర్‌ని మూసేస్తుంది కాబట్టి అదనపు ఫిల్టర్ చేతికి అందేచోట పెట్టుకోండి. అలలు విరుగుతున్నచోట వాటికి పడవ పక్క ఇవ్వొద్దు: 10 మీటర్ల పడవని 3 మీటర్ల అల అడ్డంగా విరిగి పడితే బోర్లా వేయగలదు. తిప్పడానికి రెండు పెద్ద అలల గుంపుల మధ్య కాస్త నెమ్మదించే సందు కోసం చూడండి.

తిరిగాక, ఒడ్డున ఉన్న వాళ్లకి కొత్త గమ్యం, చేరే టైము చెప్పండి. లేకపోతే వెతికేవాళ్లు పాత దారిలోనే వెతుకుతారు. సాయం కావాలిగానీ ప్రాణం మీదికి రాలేదంటే వీహెచ్‌ఎఫ్ రేడియో 16వ ఛానెల్లో పాన్-పాన్ అని మూడుసార్లు, ప్రాణాపాయమైతే మేడే అని మూడుసార్లు పిలిచి, ఎక్కడున్నారో వెంటనే చెప్పండి.