వానాకాలంలో హీట్ ప్రెస్ పని: విశాఖ షాపులవాళ్లకు కొన్ని జాగ్రత్తలు

వినాయకచవితి టీషర్టుల ఆర్డర్లు వచ్చేసరికి మన విశాఖలో వానలు ముదిరి ఉంటాయి. సముద్రపు తేమ ఏడాది పొడుగునా ఉండేదే గానీ, జూన్ నుంచి నవంబరు దాకా షెల్ఫులో పెట్టిన పేపరు కట్ట కూడా మెత్తబడిపోతుంది. సబ్లిమేషన్ పనిని, అంటే ప్రత్యేకమైన ఇంకుతో పేపరు మీద తీసిన బొమ్మను హీట్ ప్రెస్ మిషను వేడితో బట్ట మీదకు ఎక్కించే పనిని, పాడుచేసేది ఆ చెమ్మే. మిషను ఎంత ఖరీదుదన్నది తర్వాతి మాట.

ఈ ఇంకులోని రంగు వేడి తగలగానే కరగకుండా నేరుగా వాయువుగా మారుతుంది. పాలిస్టర్ పోగుల్లోకి దూరి, చల్లారాక అక్కడే ఉండిపోతుంది. బట్టలోనో పేపరులోనో చెమ్మ ఉంటే అదీ ఆవిరై, రంగును పక్కకు తోసేస్తుంది. అంచులు అలుక్కుపోవడం, తెల్లబట్ట మీద నీలం చుక్కలు తేలడం అందుకే. రెండేళ్ల కిందట మా వీధి కుర్రాళ్ల టీషర్టులు 40 ఇలాగే పాడుచేశాను. రాత్రి పేపరు కట్టను విప్పి వదిలేశాను, అంతే. పండగ ముందురోజు ఆ పిల్లల మొహాలు చూడలేకపోయాను.

అందుకని పేపరును గాలి చొరని డబ్బాలో, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు వేసి దాచండి. అవసరమైన షీట్లే బయటికి తీయండి. చెమ్మకు అలలు తేలిన పేపరు ప్రింటరు హెడ్డుకు రాసుకుంటుంది. ప్రింటు తీశాక తడి పూర్తిగా ఆరేదాకా ఆగండి, వానరోజున ఇంకాస్త ఎక్కువసేపు.

టీషర్టును ముందు ఉత్తినే 5 నుంచి 10 సెకన్లు ప్రెస్ చేసి, పైకెత్తి, ఆవిరి పోనివ్వండి. ఆ తర్వాతే పేపరు పెట్టండి. పాలిస్టర్‌కి మామూలుగా 190–200 డిగ్రీలు, 45–60 సెకన్లు సరిపోతాయి. తేమ ఉందని వేడి పెంచడం తప్పు. బట్ట పసుపెక్కుతుంది, ప్లేటు అచ్చు పడుతుంది, చెమ్మ సమస్య మాత్రం తీరదు. కింద వేసే కాగితం కూడా ప్రతిసారీ మార్చండి, పాత రంగు కొత్త బట్టకు అంటుతుంది.

మగ్గులు ప్రెస్ చేసేటప్పుడు గ్లవ్స్ పొడిగా ఉండాలి. తడి గ్లవ్స్‌తో వేడి మగ్గు పట్టుకుంటే నీళ్లు క్షణంలో ఆవిరై చెయ్యి కాలుతుంది. మగ్గు తుడిచే స్పిరిట్ సీసా ప్రెస్‌కు దూరంగా ఉంచండి. జల్లు కొడుతోందని తలుపులన్నీ మూసేస్తే పొగ లోపలే తిరుగుతుంది. ఎగ్జాస్ట్ ఫ్యాన్ తిరుగుతూనే ఉండాలి.

కరెంటు విషయంలో మాత్రం నేను ఎవరి మాటా వినను. పెద్ద ప్రెస్ 1,500 వాట్లు, ఆపైన లాగుతుంది. దాన్ని ఎక్స్‌టెన్షన్ బాక్సుకు తగిలించొద్దు. ఎర్తింగ్ ఉన్న 16 ఆంపియర్ల సాకెట్టు, బోర్డులో ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సప్లై ఆపేసే స్విచ్చు), కాళ్ల కింద పొడి రబ్బరు మ్యాటు ఉండాల్సిందే. మధ్యలో కరెంటు పోతే టైమరు ఆగినా ప్లేటు వేడి వెంటనే తగ్గదు. చేత్తో తెరిచే మిషనైతే వెంటనే పైకెత్తేయండి. కదిలిన పేపరును మళ్లీ అక్కడే పెట్టొద్దు, బొమ్మ రెండుగా పడుతుంది.

తుఫాను హెచ్చరిక వస్తే ప్లగ్గులు పీకి, మిషన్లు నేల మీద నుంచి ఎత్తున పెట్టండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఈ ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు. ప్రింటరు అన్నాళ్లు ఆగితే నాజిళ్లలో, అంటే ఇంకు చిమ్మే సన్నని రంధ్రాల్లో, ఇంకు ఎండిపోతుంది. కరెంటు వచ్చాక ముందు నాజిల్ చెక్ (నాజిళ్లన్నీ పనిచేస్తున్నాయో లేదో చూపే గీతల ప్రింటు) తీసి, గీతలన్నీ తెగకుండా వచ్చాకే ఆర్డరు మొదలెట్టండి.