టాప్ సొట్టపోయిన పాత కారుకు ఆర్‌సీ రెన్యువల్: దరఖాస్తు విధానం

కొబ్బరి చెట్టు కింద నిలిపిన కారు మీద బోండాం పడడం, కోతులు మేడ మీది నుంచి దూకడం, గాలివానకు కొమ్మ విరిగి టాప్ లోపలికి దిగిపోవడం మన ఊళ్లలో మామూలే. కారుకు పదిహేనేళ్లు దగ్గరపడి ఉంటే మాత్రం ఆ సొట్టను టింకరింగ్ షాపు సంగతిగా వదిలేయకూడదు. మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్ల వరకే చెల్లుతుంది. ఆ తరువాత వాహనాన్ని తనిఖీ చేయించి, ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి.

సొట్ట తీయించడానికి గానీ, అదే మోడల్ టాప్ రేకు వేయించి అదే రంగు కొట్టించడానికి గానీ రవాణా శాఖ అనుమతి అక్కరలేదు, అది మరమ్మతే. చట్టంలోని 52వ సెక్షన్ వర్తించేది వాహనం నిర్మాణాన్ని, మౌలిక స్వరూపాన్ని మార్చే పనులకు. ఎలాగూ రేకు పాడైంది కదా అని టాప్ కోయించి సన్‌రూఫ్ పెట్టిస్తే అది ఆ కోవలోకి వస్తుంది. యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. తెల్ల కారుకు టాప్ ఒక్కటీ నల్లగా వేయించాలన్న సరదా ఉన్నవారు, ఆర్‌సీలో రంగు కూడా నమోదై ఉంటుందని గుర్తుంచుకొని ముందే కార్యాలయంలో అడిగి తెలుసుకోవడం మేలు.

సమగ్ర బీమా ఉన్నవారు షాపుకు వెళ్లకముందే కంపెనీకి సమాచారం ఇచ్చి, సర్వేయర్ చూసేదాకా కారును ముట్టుకోనివ్వకూడదు. థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే సొంత కారు నష్టానికి ఏమీ రాదు. పదేళ్లు దాటిన కారు రేకుల ఖరీదులో మామూలు పాలసీ తరుగుదల కింద సగం కోసేస్తుంది. అంటే రేకు 20,000 రూపాయలనుకుంటే 10,000 మనమే పెట్టుకోవాలి, దానిపై 1,500 సీసీ వరకు ఉన్న కార్లకు మరో 1,000 తప్పనిసరి మినహాయింపు. క్లెయిమ్ చేస్తే నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) కూడా పోతుంది కాబట్టి, చిన్న సొట్టకు ఈ దారి పట్టడం చాలాసార్లు దండగే.

మరమ్మతు తనిఖీకి ముందే పూర్తి కావాలి. టాప్ రేకు మందం ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. పెయింటు పగలని సొట్టయితే లోపలి సీలింగ్ గుడ్డ దించి, వెనుక నుంచి నెట్టి సరిచేస్తారు. మడతపడినా, అంచుల్లో తుప్పు పట్టినా, ముందు వెనుక అద్దాలు తీసి, స్పాట్ వెల్డింగులు విప్పి రేకు మార్చడమే నయం. తక్కువలో తేల్చేద్దామనే షాపుల్లో గుంతను లప్పంతో నింపి పైన రంగు కొట్టేస్తారు. కారు తీసుకునేముందు ఫ్రిజ్ మీది అయస్కాంతాన్ని పలచని గుడ్డలో చుట్టి టాప్ మీద జరిపి చూడండి. లప్పం మందంగా ఉన్నచోట అది పట్టుకోకుండా జారిపోతుంది. టాప్‌ను మోసే నిలువు కమ్మీలు, అంటే పిల్లర్లు వంగి ఉంటే ఇక రేకుతో పోయే పని కాదు, బిల్లులో పిల్లర్ పనిని విడిగా రాయించుకోవాలి.

దరఖాస్తు ఫారం 25లో ఉంటుంది. గడువు ముగియడానికి 60 రోజుల కంటే ముందు దీన్ని స్వీకరించరు, కాబట్టి ఆరు నెలల ముందే వెళ్లినా ప్రయోజనం లేదు. రాష్ట్ర రవాణా శాఖ వెబ్‌సైటులో వివరాలు నింపి, రుసుము, పాత వాహనాలపై వేసే గ్రీన్ ట్యాక్స్ చెల్లించి, తనిఖీకి స్లాట్ తీసుకోవాలి. ఆర్‌సీ, అమలులో ఉన్న బీమా, పొల్యూషన్ సర్టిఫికెట్, చిరునామా రుజువు దగ్గర ఉంచుకోవాలి. పాత చలాన్లు మిగిలి ఉంటే ముందే కట్టేయండి. రెన్యువల్ రుసుము 2022 ఏప్రిల్ 1 నుంచి కార్లకు 5,000 రూపాయలు. 20 ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో దాన్ని 10,000 చేశారు. టాప్ మార్పించడానికి పెద్ద మొత్తం పెట్టేవారు రెండో రెన్యువల్‌కు పడే ఈ రెట్టింపును కూడా లెక్కలో వేసుకోవాలి.

తనిఖీ రోజున మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్, జనం ఇప్పటికీ బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అనే అధికారి, ఇంజిన్, చాసిస్ నంబర్లను ఆర్‌సీతో సరిపోల్చి, బ్రేకులు, లైట్లు, టైర్లు, బాడీ చూస్తారు. నంబరు చెక్కిన చోట దుమ్ము, తుప్పు ముందే తుడిపించుకోండి. టాప్ కొత్తగా కనిపిస్తే ప్రశ్న రావడం సహజం, అప్పుడు షాపు బిల్లు, మరమ్మతుకు ముందు తీసిన ఫొటో చూపిస్తే మాట అక్కడితో తెగుతుంది. లోపాలు చెప్పి వెనక్కి పంపితే వాటిని సరిచేయించి మళ్లీ హాజరు కావచ్చు, అయితే ఆలోగా గడువు దాటితే నెలకు 500 రూపాయల చొప్పున అదనపు రుసుము పడుతుంది. గడువు తీరిన కారును రోడ్డెక్కిస్తే రిజిస్ట్రేషన్ లేని వాహనం కిందే లెక్క, మొదటిసారి జరిమానా 5,000 రూపాయల వరకు ఉంటుంది. అందుకే టింకరింగ్‌కు పట్టే రోజులు కలుపుకొని, స్లాట్‌ను గడువుకు కనీసం మూడు వారాల ముందుకు పెట్టుకోవాలి.