హార్డ్ డిస్క్ పోతోందా, లేక కేబులేనా?

పరీక్షలకంటే ముందు ఒక పని ఉంది. ఫైళ్లు ఇంకా తెరుచుకుంటుంటే, ముఖ్యమైనవి వెంటనే వేరే డిస్క్‌లోకి కాపీ చేయండి. ఫొటోలు, ఆఫీసు ఫైళ్లు ముందు, సినిమాలు తర్వాత. పాడవుతున్న డిస్క్ మీ పరీక్షల మధ్యలోనే పోవచ్చు.

కంప్యూటర్ ఉన్నట్టుండి బిగుసుకుపోతోంది, కాపీ ఒకేచోట ఆగిపోతోంది

డ్రైవ్ ఒక సెక్టార్‌ను (డిస్క్‌లో డేటా ఉండే చిన్న గడిని) చదవలేక, పట్టు వదలకుండా మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంటే ఇలా అవుతుంది. విండోస్‌లో క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో, లైనక్స్‌లో జీస్మార్ట్‌కంట్రోల్ తెరిచి స్మార్ట్ పట్టికలో (డ్రైవ్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కలు) మూడు వరసలు చూడండి.

5వ నంబరు: పాడైన సెక్టార్ల బదులు వాడేసిన స్పేర్ సెక్టార్లు. 197: సరిగా చదవలేక, తేల్చకుండా ఉంచినవి. రెండూ సున్నా ఉంటే మంచిది. 5 దగ్గర చిన్న అంకె ఉండి నెలల తరబడి కదలకపోతే నాకు పెద్దగా టెన్షన్ ఉండదు. వారంలోనే పెరిగిందంటే మాత్రం డిస్క్ మార్చడమే. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో ఈ అంకెలను మామూలుగా హెక్సాడెసిమల్‌లో చూపిస్తుంది. అక్కడ 10 అంటే 16 అన్నమాట!

మూడోది 199: డేటా కేబుల్ మీదుగా వచ్చేటప్పుడు దొర్లిన తప్పుల లెక్క. ఇదొక్కటే పెరుగుతుంటే తప్పు చాలావరకు సాటా కేబుల్‌దే (డ్రైవ్‌ను మదర్‌బోర్డుకు కలిపే డేటా కేబుల్). కేబుల్ మార్చండి. పాత అంకె తగ్గదు, పెరగడం ఆగితే చాలు.

విండోస్ చెక్‌డిస్క్ (డిస్క్ తనిఖీ ప్రోగ్రాం) నడపమంటోంది

కాపీ అయ్యేదాకా వద్దు. అది ఫైల్ సిస్టమ్‌ను సరిచేస్తుంది, అరిగిన డిస్క్‌ను కాదు. పైగా పాడైన సెక్టార్లను వెతకమంటే మొత్తం డిస్క్‌ను గాలిస్తుంది. మామూలు కాపీ ఆగిపోతుంటే డీడీరెస్క్యూ (పాడవుతున్న డిస్క్ నుంచి డేటా కాపీ చేసే ప్రోగ్రాం) వాడండి. తేలిగ్గా వచ్చే భాగాలను ముందు తీసుకుని, మొండి సెక్టార్ల సంగతి చివర్లో చూస్తుంది.

టక్ టక్‌మని చప్పుడు

వెంటనే ఆపేయండి. రీడింగ్ హెడ్ దెబ్బతిని ఉండొచ్చు, తిరిగే కొద్దీ ప్లాటర్ (డేటా ఉండే పళ్లెం) గీసుకుపోతుంది. డేటా కావాలంటే రికవరీ ల్యాబే దారి. ఇంట్లో మూత తీయొద్దు, ఫ్రీజర్‌లో పెట్టే చిట్కా అసలే వద్దు. యూఎస్‌బీ డ్రైవ్ అయితే కరెంటు చాలక కూడా ఇలా కొట్టుకుంటుంది. హబ్ తీసేసి నేరుగా వేరే పోర్టులో ఒక్కసారి చూడండి, ఒక్కసారే.

బయోస్‌లోనే (విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల తెర) కనిపించడం లేదు

పవర్ కేబుల్, డేటా కేబుల్ రెండూ మార్చి, ఇంకో పోర్టులో, వీలైతే ఇంకో కంప్యూటర్‌లో పెట్టి చూడండి. అక్కడా కనిపించకపోతే డ్రైవే పోయింది. ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని, చిప్‌లతో చేసిన డ్రైవ్) అయితే చప్పుడూ ఉండదు, చాలాసార్లు ముందు హెచ్చరికా ఉండదు.